తాతగారి ఆకలి

కంబోడియా రాజధాని ఫ్నోంపెన్ శివార్లలోని చొక్కాల ఫ్యాక్టరీలో ఆకలి రద్దయింది. ఈ శుభవార్తను సంక్షేమాధికారి వణ్ణరిత్ గారు స్వయంగా మైకులో ప్రకటించారు. కూలి జనం ఆదాయం పెంచితే వాళ్ళ ఇళ్ళలో తిండికి లోటుండదని ప్రభుత్వంవారు కనిపెట్టారట. అందుచేత ఇకపై జీతంతో పాటు పౌష్టికాహార భత్యం. అయితే నెలంతా ఒక్కసారి కూడా సొమ్మసిల్లకుండా పనిచేసినవారికే. తిండి లేక పడిపోయేవాళ్ళకు తిండి డబ్బులిస్తే దుర్వినియోగం కాదూ!

కాలర్లు కుట్టే కుంథియా అందరితో పాటు చప్పట్లు కొట్టింది. సాయంత్రం గదికి చేరేసరికి ఇంటావిడ గుమ్మంలోనే నవ్వుతూ నిలబడి ఉంది.

"భత్యం వచ్చిందటగా పిల్లా! మంచి మాట. ఈ నెల నుంచి అద్దె పెంచుతున్నా."

"ఇంకా చేతికి రాలేదు పిన్నీ."

"నీకు రాకపోతే ఏం, నాకు వచ్చినట్టే!"

సందు చివర బియ్యం అమ్మే ఆసామి కూడా రేడియోలో భత్యం సంగతి విన్నాడు, బియ్యం ధర పెంచాడు. ఆ పూట కుంథియా, ఆమె గదిలోనే ఉండే సోఫీప్ ఒక ఎండుచేపను పంచుకుని తూటికూర పులుసుతో సరిపెట్టుకున్నారు. తలకాయ వైపు ముక్క నువ్వు తినమంటే నువ్వు తినమని ఇద్దరూ మర్యాదలకు పోయారు.

నెల తిరక్కుండానే కుట్టు మిషన్ల వరుసల్లో ఆడవాళ్ళు పిట్టల్లా రాలారు. విచారణ సంఘం వేశారు. ఆకలి రద్దయింది గనుక కారణం ఆకలి కాదని సంఘంవారు భోజనానంతరం తేల్చారు. ఇక మిగిలింది ఆ స్థలాన్ని కాచే దేవుడు, అక్కడివాళ్ళు తాత అని పిలుచుకునే ఆయన. పొలాలు పూడ్చి ఫ్యాక్టరీ కట్టినప్పుడు ఆయనకు నైవేద్యం పెట్టలేదు. ఆయనకు కోపమొచ్చింది.

మర్నాడే ఆవరణలో ఒక పందిని నిలువునా కాల్చి బల్ల మీద పెట్టారు. పక్కన ఉడికించిన కోళ్ళు, అరటి గెలలు, బియ్యపు సారా. ఆడవాళ్ళు బారులు తీరి గుటకలు మింగుతుంటే వణ్ణరిత్ గారు చేతులు జోడించి ఉపన్యసించారు.

"తాతా! ఆకలిగొన్నవారికి పెట్టడం మన జాతి సంప్రదాయం. తమరిన్నాళ్ళూ పస్తున్నారని తెలిసి మా గుండె తరుక్కుపోతోంది!"

కాల్చిన తోలు వాసన కుంథియా ముక్కుకు తగిలింది. కళ్ళు తిరిగాయి. నేల మీద పడింది. లేవబోతే ఒళ్ళు లేవలేదు, గొంతు లేచింది. అది ఆమె గొంతులా లేదు.

"ఒరేయ్ వణ్ణరిత్!"

ఆయన బూట్లు విడిచి చతికిలబడ్డారు. "సెలవియ్యి తాతా!"

"నా నేల మీద పనిచేసే ఆడకూతుళ్ళు తినకుండా నా నోట్లోకి ముద్ద దిగుతుందిరా? ఈ పంది వాళ్ళకి పెట్టు. రేపట్నుంచి రోజూ మధ్యాహ్నం అన్నం, చేపల కూర పెట్టు. పడిపోయినదాని భత్యం కోశావో, నీ మంచమెక్కి కూర్చుంటా!"

"చిత్తం తాతా, చిత్తం!"

కాసేపటికి బల్ల మీద ఎముకలే మిగిలాయి. సోఫీప్ నమలడం ఆపకుండానే కుంథియా చెవి దగ్గర చేరింది.

"అక్కా, నిజంగా తాతే వచ్చాడా?"

"ఏమోనే. ముందు ఆ ముక్క ఇటివ్వు."

కొన్నాళ్ళు చేపల కూర వచ్చింది. ఒక్కరూ పడిపోలేదు. ఆదాయ విధానం ఘనవిజయం సాధించిందని సంఘం నివేదించింది. వణ్ణరిత్ గారికి పతకం వచ్చింది. విజయం సాధించాక ఇంకా తిండెందుకని కూర ఆపేశారు. తాతకు మాత్రం పాలరాతి గుడి కట్టించి, రోజుకో కోడి ఏర్పాటు చేశారు. ఖర్చు కార్మికుల భత్యంలోంచే. భక్తి వాళ్ళదే కదా!

కుంథియా ధైర్యం చేసి ఆఫీసు గదికి వెళ్ళింది. ఈసారి సొంత గొంతుతోనే అడిగింది.

"అయ్యా, ఆకలేస్తోందండీ."

"ఎవరికి? తాతకా?" వణ్ణరిత్ గారు కుర్చీలోంచి సగం లేచారు.

"కాదండీ, మాకే."

ఆయన మళ్ళీ కూర్చున్నారు. "హడలగొట్టావు కదే! పో, పని చూసుకో."

వరండాలో నిలబడి కళ్ళు మూసుకుని తాతను పిలిచింది. రాలేదు. పూనకానికైనా ఒంట్లో కాస్త సత్తువుండాలి. వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది.

మనుషులడిగితే పెట్టనివాళ్ళు దేవుడడిగితే పెడతారా అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. తప్పకుండా వేసుకోండి. కాస్త ఆ చేతిలోని కొబ్బరికాయ కింద పెట్టి.