గౌరవ మండలి డాక్టరుగారి పెళ్ళి

మనుషులు చేసేవన్నీ ఆచారాలేననీ, ఆచారాలన్నీ గౌరవనీయాలేననీ సుంబా దీవి సంస్కృతీ గౌరవ మండలి తీర్మానించి చాలాకాలమైంది. (అంతకుముందు అధికారులు ప్రతి ఫిర్యాదుకూ మంచీచెడూ ఆలోచించవలసి వచ్చేది. కొందరికి ఆరోగ్యాలు దెబ్బతిన్నాయి.)

సంతలో మొక్కజొన్నలమ్మే కోనీకి ఈ సంగతి తెలియదు. ఆ ఉదయం ఆమె కళ్ళెదుటే చెల్లెలు వినీని బిలీ అనేవాడి మనుషులు ఎత్తి ట్రక్కులో పడేసుకుపోయారు, వాడికిచ్చి పెళ్ళి చెయ్యడానికి. మండలి చెబితేగాని కదలం అన్నారు పోలీసులు. కోనీ మండలికి పరుగెత్తింది.

అక్కడి అధికారి పేరు డాక్టర్ సుమార్తో. జావా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త.

"మా చెల్లెల్ని ఎత్తుకుపోయారు సార్!"

"అలా అనకూడదమ్మా. వధూగ్రహణం అనాలి. మీ ప్రాచీన ఆచారం. ఒకరి కొలబద్దతో ఇంకొకరిని కొలవకూడదు."

"అది ఏడుస్తోంది సార్!"

"ఏడవాలి. లేకపోతే ఆచారం అసంపూర్ణం."

"ఒకడి చెయ్యి కొరికింది కూడా!"

"కొరకడం కూడా ఉందా?" డాక్టరు సంబరంగా రాసుకున్నాడు.

కోనీకి ఒళ్ళు మండింది. "నాదీ ఈ ఊరే. నాకిష్టం లేదు. మా అమ్మకీ లేదు, అమ్మమ్మకీ లేదు. మరి ఇది ఎవరి ఆచారం?"

"సొంత ఆచారం నచ్చనివాళ్ళ మీద బయటి ప్రభావం పడ్డట్టు లెక్క. వాళ్ళ అభిప్రాయం చెల్లదు. పెద్దలనడిగాం, ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు."

"ఏ పెద్దలు?"

"బిలీ తండ్రి, బాబాయి." (కోరం చాలక మూడో పెద్దగా బిలీయే సంతకం చేశాడు.)

కోనీ నేరుగా సంతకెళ్ళింది. పందులమ్మే లెబా ముందు నిలబడింది. లెబా విధవరాలు, భారీ మనిషి.

"లెబా వదినా, మళ్ళీ పెళ్ళి చేసుకుంటావా?"

"ఎవర్నే?"

"మండలి డాక్టర్ని."

"ఆ ఎముకల పోగునా?"

"ఎత్తడానికి తేలిక కదా."

లెబా పకపకా నవ్వి, పందుల బండి తీసింది. సంతలో ఆడవాళ్ళంతా ఎక్కారు.

డాక్టరును కుర్చీలోంచి ఎత్తుతుంటే ఆయన వేసిన కేకకు గుమాస్తా లేచాడు, తీర్మానం గుర్తొచ్చి కూర్చున్నాడు. "కేకలు ఆచారంలో భాగమే కదండీ," అన్నాడు వినయంగా. డాక్టరు లెబా చెయ్యి కొరికాడు. గుమాస్తా అదీ నమోదు చేశాడు.

పందుల మధ్య కూలబడి డాక్టరు గింజుకున్నాడు. "ఇది నేరం! నాకిష్టం లేదు! నాకు జోగ్జకర్తాలో భార్య ఉంది!"

"బయటి ప్రభావం," అంది లెబా జాలిగా.

"అసలు మీకేం కావాలి?"

"మా చెల్లెలు," అంది కోనీ.

డాక్టరు పోలీసులకు ఫోన్ చేశాడు. "మనిషిని ఎత్తుకుపోవడం ఎక్కడైనా నేరమేనయ్యా! ఏ దీవిలోనైనా!" అని అరిచాడు. ఆ మాట విన్నాక గాని కోనీకి కన్నీళ్ళు రాలేదు.

పొద్దు వాలేలోపు వినీని తెచ్చారు. మణికట్లు కమిలిపోయి ఉన్నాయి. లెబా ఇచ్చిన జావ ముట్టలేదు. అక్క ఒళ్ళో తలపెట్టి అడిగింది: "నేనంతలా అరిచాను కదక్కా, ఎవరికీ వినబడలేదా?"

"వినబడిందే. రాసుకున్నారు," అంది కోనీ.

మర్నాడే మండలి తన తీర్మానాన్ని సవరించింది. ఇకమీదట మండలి ఉద్యోగులకు ఏ ఆచారమూ వర్తించదు. మిగతా ప్రజల పట్ల గౌరవం యథావిధిగా కొనసాగుతుంది.