సుల్తాన్ దీక్ష

సకల జనుల సమ్మెకు కోరుట్ల మొత్తం మూతపడింది, నర్సింగం నోరు తప్ప. ఆటో తోలే నర్సింగానికి తెలంగాణ అంటే ప్రాణం, తిండి అంటే అంతకంటే కొంచెం ఎక్కువ. పోయినసారి రిలే నిరాహార దీక్షలో కూర్చుని, టెంటు వెనక మిర్చీలు తింటూ దొరికిపోయాడు. ఇవాళ మళ్లీ అతని వంతు.

"ఈసారి గట్లనే జేస్తివా, నేను సిరిసిల్లకు మా అవ్వగారింటికి పోత," అంది భార్య భూదేవి.

"బస్సులు బందున్నయి గదనే!"

"నడిసి పోత."

నర్సింగం భయపడలేదు. అతని దగ్గర ఉపాయముంది. మేనల్లుడు రమణ హైదరాబాదులో ఎలుకల మీద మందులు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాడు. ల్యాబుకు చేర్చాల్సిన రెండు సీసాలతో ఇంటికొచ్చి, బస్సుల్లేక ఇరుక్కుపోయాడు.

"కడుపు ఖాళీ కాంగనే ఒక హార్మోన్ పోయి మెదడుకు ఆకలైతాందని చెప్తది మామా," అన్నాడు నిన్న. "గీ మందు దాని నోరు మూస్తది. ఎలుక తిండి తగ్గిస్తది. తీపి పెట్టినా ఎగబడది. తినాలన్న ఆశే సస్తది. మనుషులకు మాత్రం ఇయ్యద్దు."

చివరి మాట నర్సింగం చెవికెక్కలేదు. తెల్లవారగానే ఒక సీసాలోంచి చెంచాడు పొడి తీసి బెల్లం ముద్దలో కలిపి జేబులో వేసుకున్నాడు. మందు మీద నమ్మకం ఉన్నా, ఆటో సీటు కింద డబ్బా నిండా సర్వపిండి రొట్టెలు కూడా పెట్టుకున్నాడు.

టెంటు దగ్గర దిగి ముద్ద నోట్లో వేసుకోబోయేసరికి జనం బంతిపూల దండతో మీదపడ్డారు. ముద్ద జారింది. అక్కడే, ఆటో ఆపిన పక్కనే టెంటు గుంజకు కట్టేసి ఉన్న పొట్టేలు దాన్ని గుటుక్కున మింగింది. అది దర్జీ మునావర్ బక్రీదు కోసం మేపుతున్న సుల్తాన్.

మధ్యాహ్నానికి మునావర్ గోల మొదలైంది. "అరే భాయ్, నా సుల్తాన్ గడ్డి ముడ్తలేడు! జిలేబీ సూపెడితె గోడ దుంకెటోడు, ఇయ్యాల మొకం తిప్పుకుంటాండు!"

నర్సింగానికి బెల్లం ముద్ద గుర్తొచ్చింది. చెబితే తన దొంగతనం బయటపడుతుంది. చెప్పకపోతే పొట్టేలు పోతుంది. ఈలోగా బీడీలు చుట్టే రుక్కమ్మ మైకు లాక్కుంది. "సూసిండ్రా! నోరు లేని జీవి గూడ తెలంగాణ కోసం పస్తులుంటాంది!"

ఈలలు, డప్పులు. జగిత్యాల నుంచి టీవీవాళ్లు దిగారు. సుల్తాన్ మెడలో గులాబీ కండువా పడింది. పొద్దుగూకాక నర్సింగం నిమ్మరసం గ్లాసుకు చేయి చాపితే రుక్కమ్మ అడ్డుపడింది.

"నీకు సిగ్గుందా బావా? పొట్టేలు ముట్టనిది నువ్వు ముడ్తవా? అది తిన్నంకనే!"

అప్పటినుంచి నర్సింగం పొట్టేలు కాళ్లు పట్టుకోవడమే తక్కువ. "ఒక్క ఆకు తినురా నాయనా!" అని బతిమాలాడు. సుల్తాన్ పడుకుని కళ్లు మూసుకుంది.

మర్నాడు పొద్దున, నీరసంతో తేలిపోతూ, టెంటుకొచ్చిన రమణ చెవిలో అంతా కక్కేశాడు. రమణ నవ్వాపుకోలేకపోయాడు.

"ఏ సీసా మామా? పచ్చ మూతదా? అండ్ల మందే లేదు! మందు తిన్నదానికీ తిననిదానికీ తేడా తెల్వాలని సగం ఎలుకలకు ఉత్త పిండే పెడ్తం."

"మరి ఇదెందుకు తింటలేదురా?"

అడుగుతూనే నర్సింగం ఆటో వైపు పరుగెత్తాడు. సీటు కింద డబ్బా బోర్లా పడి ఉంది. లోపల తోమినట్టు నున్నగా ఉంది.

తిరిగొచ్చి, వంగి, సుల్తాన్‌ను తిట్టబోయాడు. అది కళ్లు తెరిచి, అతని మెడలోని బంతిపూల దండను నమలడం మొదలుపెట్టింది. టెంటు జైకొట్టింది. రుక్కమ్మే నిమ్మరసం తాగించింది.

"ఒక పగలు, ఒక రాత్రి!" భూదేవి కళ్లు తుడుచుకుంది. "ఏమో అనుకుంటి గని, నిజంగనే ఉపాసమున్నవయ్యా. ఇంటికి నడువు, కోడిని కోస్త."

మందు లేక, సర్వపిండి లేక, నిజంగానే ఉన్నాడు. నర్సింగం ఛాతీ విరిచి నడిచాడు.

దీక్షలో చిక్కిపోయిందేమోనన్న బెంగతో మునావర్ సుల్తాన్‌ను కాంటా ఎక్కించాడు. కిలో పెరిగింది.