గోవిందరాజ్ గారి విదేశీ మినుములు

దిగుమతి అంతటి వరం ఈ దేశంలో మరొకటి లేదు!

అదేమిటి, విదేశాల నుంచి సరుకు దిగితే మన రైతు చితికిపోడా అని అడుగుతారు మీరు. అడగండి. అదంతా పాత చదువు. కాస్త ఓపిక పట్టి నేను చెప్పేది వినండి.

మీ పొలంలో కోత ఎప్పుడో మీ బావమరిదికి తెలుసా? తెలియదు. ఫోన్ చేసినా ఎత్తడు, ఎత్తితే కూలీలను అడుగుతారేమోనని భయం. అలాంటిది, ఎక్కడో ఢిల్లీలో చల్లని గదుల్లో కూర్చున్న పెద్దలకు మాత్రం ఠంచనుగా తెలిసిపోతుంది. తమిళనాడులో పుదూరుకు అవతల నల్లరేగడిలో గోవిందరాజ్ అనే ఆయన కళ్లంలో మినుము నూర్చే వారం చూసుకుని, సుంకం లేకుండా మినుము తెచ్చుకోవచ్చునంటూ గడువు పొడిగిస్తారు. తూత్తుకుడి రేవులో ఓడ వచ్చి నిలబడుతుంది. పంట సరిగ్గా రాని ఏడు ఆ ఓడ అంత తొందరపడదు. ఇంత మమకారం సొంత మేనమామకైనా ఉంటుందా?

ఇంతకీ ఈ గోవిందరాజ్ గారెవరో చెప్పాలి. ఆయన తాతముత్తాతలు ఎప్పుడో తెలుగు దేశం నుంచి వచ్చి, కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కీ మధ్య ఉన్న ఎండు నేలల్లో స్థిరపడ్డారు. ఆ నల్లరేగడిని అక్కడ కరిసల్ అంటారు, అలా వచ్చి స్థిరపడినవాళ్ళను నాయక్కర్ అంటారు. ఆయన ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, గడప దాటితే తమిళం మాట్లాడతాడు. చదువుకున్నదీ తమిళమే. ఆయనకు తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

దేశ వాణిజ్యం అర్థం కావాలంటే లావుపాటి పుస్తకాలు అక్కర్లేదు. గోవిందరాజ్ గారి మేడ ఒకసారి ఎక్కి దిగితే చాలు. కింద సరుకులు, పైన సేవలు! కింద ఆయన పండించిన మినుములు. ఎప్పుడు చూసినా లోటే. పైన ఆయన కూతురు శివరంజని. కోవిల్‌పట్టిలో డిగ్రీ చదివి, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఒక విదేశీ ఓడల కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తుంది. ఏ కంటైనర్ ఏ సముద్రం మీద ఉందో చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. పై అంతస్తు మిగులుతో కింది అంతస్తు లోటు పూడుతుంది. పెద్దలు దీన్ని సేవల రంగంలో మిగులు అంటారు. ఆమె తల్లి సుబ్బమ్మాళ్ మాత్రం "బిడ్డ కస్టం" అంటుంది.

ఈ ఏడు ఒక విశేషం జరిగింది. శివరంజని చూసుకుంటున్న ఓడ ఒక్క పూట కూడా ఆలస్యం కాకుండా తూత్తుకుడి చేరింది. కంపెనీవాళ్ళు పొగడ్తల మెయిల్ పంపారు. ఆ ఓడలో ఉన్నది బర్మా మినుములు. ఆ సాయంత్రమే విరుదునగర్ మార్కెట్లో మినుముల ధర దబ్బున పడింది. సుబ్బమ్మాళ్ పాయసం వండింది. అది కూతురి ఘనతకో, మొగుడి దిగులు పోగొట్టడానికో ఎవరూ అడగలేదు. అందరూ తలొక గ్లాసు తాగారు.

గోవిందరాజ్ గారి దిగులు చిన్నది కాదు. పోయినేడు వాన లేదు, అంతకు ముందేడు పురుగు. ఈసారి కూడా మినుముకు ధర రాకపోతే సేద్యం మానేసి, పొలాన్ని సీమతుమ్మకు వదిలేద్దామని ఆయన తీర్మానం. చుట్టుపక్కల చాలామంది అలాగే వదిలేశారు. ఆ సీమతుమ్మ కూడా ఏనాడో సముద్రం దాటి వచ్చిందే! దిగుమతి అయినవాటిలో నీళ్ళు అడగకుండా బతికేది అదొక్కటే.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త ఉద్దులు (మినుములను వాళ్ళు ఉద్దులనే అంటారు) మూటలు కట్టి, అమ్మకానికి గడప దాటాలి. ఆ తర్వాత వచ్చే శుక్రవారం ఇంటి దేవతకు తొలి వడ పెట్టాలి. అంతవరకు ఇంట్లో ఎవరూ కొత్త పంటను రుబ్బకూడదు. ధర పడిపోయింది కాబట్టి మూటలు గడప దాటలేదు. మూటలు దాటలేదు కాబట్టి సుబ్బమ్మాళ్ ఇడ్లీకి అంగడి మినప్పప్పు కొంటోంది. అంగట్లో ఉన్నది బర్మా పప్పు. హాలు నిండా సొంత మినుములు, గ్రైండర్లో పరదేశపు మినుములు! ఆ రాశికి ఆనుకుని కూర్చుని, గోవిందరాజ్ గారు పొద్దున్నే బర్మా ఇడ్లీలు తింటున్నాడు. అయ్యా, ప్రపంచీకరణ అంటే ఇంకెలా ఉంటుందనుకున్నారు?

చివరకు ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. వ్యాపారి దగ్గరికి కాదు, నేరుగా ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్ళి మద్దతు ధరకు అమ్మాలి. దానికి సంచులు కావాలి. అక్కడ ఎవరూ కొత్త సంచులు కొనరు. విరుదునగర్ బజార్లో పాత సంచుల అంగళ్ళు ఉంటాయి, వాటిలో చవకగా దొరుకుతాయి. గోవిందరాజ్ గారు వెళ్ళి చూశాడు. ఒక కట్ట సంచుల మీద గుండ్రటి అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చూడగానే ఆయన ఒళ్ళు పులకరించింది! ఎప్పుడో తిరుపతికి పోయినప్పుడు బోర్డుల మీద ఇలాంటి గుండ్రటి రాతనే చూశాడు. బేరం కూడా ఆడకుండా కట్ట మొత్తం కొనేశాడు.

"చూడమే, మన బాస అక్చరాలు!" అన్నాడు ఇంటికొచ్చి.

"ఏమి రాసుండాది?" అంది సుబ్బమ్మాళ్.

"ఏమన్నా రాసుండనీ. గుండ్రంగా ఉండాది కదా, మనదే."

"మన సామికి కూడా తెలుగే కదయ్యా. సంతోసపడ్తాది" అని ఆమె ప్రతి సంచి మీదా, సరిగ్గా అక్షరాల నడుమ పసుపు బొట్టు పెట్టింది. తొలి వడ కోసం తీసిన దేవత వాటాను మాత్రం వేరుగా పసుపు గుడ్డలో కట్టింది. శివరంజని అప్పుడు పైన మీటింగ్‌లో ఉంది. ఉండకపోతే, రోజూ నానా దేశాల రాతలు చూసే పిల్ల, ఒక్క మాటతో ఈ కథ ముగించేసేది.

కొనుగోలు కేంద్రం పేరు చెప్పను. అక్కడ ముత్తుకుమార్ అనే అధికారి ఉన్నాడు. మర్యాదస్తుడు. వాళ్ళు మాట్లాడుకున్నది తమిళంలో, మీ సౌకర్యం కోసం తెలుగులో చెబుతున్నాను.

"పెద్దాయనా, ఇది బర్మా రాత, బర్మా సరుకు. మద్దతు ధర మన రైతులకే" అన్నాడు ఆయన, సంచి వైపు చూసి.

"బర్మా ఏమిటి సార్? అది తెలుగు! మా ఇంటి భాష!"

"అలాగా? అయితే చదవండి."

గోవిందరాజ్ గారు సంచి చూశాడు. పసుపు బొట్టు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. అరవై ఏళ్ళుగా కలలు కూడా ఆ భాషలోనే కన్న మనిషికి ఒక్క అక్షరం అంతు చిక్కలేదు. సిగ్గుతో ఆయన మెడ వంగిపోయింది. పాపం, అది తెలుగే అయినా ఆయన గతి అంతే!

ముత్తుకుమార్ గారు కాగితం మీద శ్రద్ధగా రాసుకున్నాడు: సంచి మీద ఉన్నది తన మాతృభాషేనని రైతు స్వయంగా ఒప్పుకున్నాడు. అంటే ఏమిటి? ఇంతవరకు సరుకు ఒక్కటే విదేశీ. ఇప్పుడు మనిషి కూడా!

పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, విమానం టికెట్టు లేదు. పుదూరు నుంచి ట్రాక్టర్ మీద బయల్దేరి, భోజనం వేళకు బర్మావాడైపోయాడు. ఇంత చవకగా మిమ్మల్ని విదేశీయుణ్ణి చేసే ట్రావెల్ కంపెనీ ఎక్కడైనా ఉందా?

గోవిందరాజ్ గారు పసుపు గుడ్డ మూట విప్పాడు. "చూడండి సార్, ఇది మా దేవతకు తీసిపెట్టిన వాటా. ఇదీ అదీ ఒకటే గింజ. దేవత పేరు మీద అబద్ధం ఆడతానా?"

ముత్తుకుమార్ గారికి ఆ మాట నచ్చింది. "మంచిది, శాంపిల్ దొరికింది" అని మూట మొత్తం తీసుకుని, సీలు వేసి, పరీక్షకు పంపించేశాడు. దేవత వాటా దేవత కన్నా ముందు ల్యాబ్‌కు వెళ్ళింది.

ఇక దారి లేక ఆయన కూతురికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు. "అమ్మాడీ, ఈ సారుకి సెప్పు, మన ఉద్దులు బర్మానించి రాలేదని."

శివరంజని వివరాలన్నీ అడిగి, పైన తన కంప్యూటర్లో వెతికి, ఆఫీసు గొంతుతో తమిళంలో చెప్పింది. "సార్, ఈ సరుకు ఏ ఓడలోనూ రాలేదు. మా సిస్టంలో లేనే లేదు."

గోవిందరాజ్ గారి ముఖం వెలిగింది. ముత్తుకుమార్ గారి ముఖం మాడిపోయింది.

"ఓడలో రాలేదా? మరి ఎందులో వచ్చింది?"

"ట్రాక్టర్లో సార్" అన్నాడు గోవిందరాజ్ గారు.

"బర్మా నుంచి ట్రాక్టర్లోనా!"

అది దొంగరవాణా కిందికి వస్తుందేమో పై వాళ్ళను అడగాలి అన్నాడు ముత్తుకుమార్. తన మంచితనం కొద్దీ, ఫోన్ చేయడానికి లోపలికి వెళుతూ, "నేను తిరిగొచ్చేసరికి ఈ మూటలు ఇక్కడ లేకపోతే నేనేమీ చూడనట్టే" అని మెల్లగా చెప్పాడు. ట్రాక్టర్ అంత వేగంగా పోతుందని గోవిందరాజ్ గారికే ఆ రోజు తెలిసింది.

అది నేరుగా విరుదునగర్‌లో, పళనిసామి అన్నాచ్చి మండీ ముందు ఆగింది. ఆ ఊళ్ళో పెద్ద వ్యాపారులను అన్నాచ్చి అంటారు. పళనిసామి సంచి మీది రాత చూసి, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికి, కళ్ళు మూసుకున్నాడు.

"ఆహా! ఫారిన్ ఫారినే! మెరుపు చూడు, గట్టితనం చూడు!"

ముప్పై ఏళ్ళుగా ఆ మండీకి మినుము వేస్తున్నా, గోవిందరాజ్ గారి గింజను ఒక్కరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆయనకు కళ్ళు చెమర్చాయి. "అయితే ధర కాస్త ఎక్కువే ఇస్తారు కదా, అన్నాచ్చీ?"

"అదేంటి నాయక్కరే! ఫారిన్ సరుకు చవక. చవక కాబట్టేగా ఓడల్లో తెప్పించుకునేది?"

"ఇది మా పొలంలో పండింది అన్నాచ్చీ. సత్యంగా!"

"అయ్యో, ఆ మాట పైకి అనకండి. లోకల్ అంటే మట్టి ఉంది, తేమ ఉంది అని ఇంకా కోసేవాణ్ణి. ఫారిన్ కాబట్టి బతికిపోయారు."

ఇంటికి తిరిగి తీసుకెళితే పురుగు పడుతుంది. తీసుకెళ్ళకపోతే ఇదీ ధర. గోవిందరాజ్ గారు మూటలు దించాడు. చూశారా? స్వదేశీ అయితే ఇంకా నష్టపోయేవాడు. దిగుమతే ఆయన్ను కాపాడింది!

శుక్రవారం వచ్చింది. మూటలు గడప దాటాయి కాబట్టి తొలి వడ పెట్టాలి. దేవత వాటా ల్యాబ్‌లో ఉంది.

"ఏమయ్యా, పోయి ఒక పడి కొలిపించి మన ఉద్దులు అడుక్కోని రాపో. అమ్మినోళ్ళం, ఇయ్యరా?" అంది సుబ్బమ్మాళ్. ఆయన పొద్దున్నే మళ్ళీ విరుదునగర్ బస్సెక్కాడు.

మండీలో పని జోరుగా సాగుతోంది. పసుపు బొట్ల సంచులు విప్పి, ఆ గింజల్ని అందమైన చిన్న ప్యాకెట్లలో పోస్తున్నారు. ప్యాకెట్ మీద రాసింది తమిళం, కాబట్టి గోవిందరాజ్ గారు చదవగలిగాడు. 'కరిసల్ నేల నాటు మినుములు' అని ఉంది. కింద తలపాగా చుట్టుకున్న ఒక రైతు బొమ్మ. ఆ రైతు నవ్వుతున్నాడు కాబట్టి అది తాను కాదని ఆయనకు వెంటనే తెలిసిపోయింది.

"అన్నాచ్చీ, ఇవి నా మినుములు కదా! బర్మావి అన్నారే?"

"అప్పుడు మీ చేతిలో ఉన్నాయి కదా, నాయక్కరే" అన్నాడు పళనిసామి, ఏ మాత్రం తడుముకోకుండా.

"సరే, ఒక్క పడి కొలిచి ఇవ్వండి. దేవతకు."

"అయ్యయ్యో, ఇది సింగపూర్ ఆర్డర్! అక్కడి మనవాళ్ళకు నాటు సరుకే కావాలట. ఈ ఖరీదు మీవల్ల కాదు. దేవతకే కదా, ఇదిగో, బర్మాది పట్టుకెళ్ళండి. డబ్బులేమీ వద్దు" అని ధారాళంగా ఒక పొట్లం కట్టి ఇచ్చాడు.

ఆ సాయంత్రం సుబ్బమ్మాళ్ బర్మా వడలు దేవత ముందు పెట్టి లెంపలేసుకుంది. "అమ్మా, తప్పెంచకు. నీ బాగం యాడికో పరీక్చకి పోయుండాది. పాస్ అయినంక తెచ్చిపెడ్తాం." దిగుమతి విధానం మీద మాట్లాడడానికి దేవతకు కూడా ధైర్యం చాలినట్టు లేదు.

నాలుగు వారాలు గడిచాయి. వచ్చే ఏటికి విత్తనాలు చూసుకునే వేళ అయింది. శాంపిల్ ఫలితం మాత్రం ఇంకా రాలేదు. గోవిందరాజ్ గారు అరుగు మీద కూర్చుని, గట్టు దాటి తన పొలంలోకి తల పెట్టిన సీమతుమ్మ మొక్కను చూస్తున్నాడు. పీకుదామా, వదిలేద్దామా?

మేడ మీద నుంచి కేక వినబడింది. "నాయినా! మన ఉద్దులు సిస్టంలో ఉండాయి! పైకి రా!"

ఆయన మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కాడు. తెర మీద నీలి సముద్రం, దాని మధ్య ఒక చిన్న చుక్క. పళనిసామి పంపిన కంటైనర్. తూత్తుకుడి దాటి సింగపూర్ పోతోంది.

"ఈడ చూడు నాయినా, సరుకు ఏ దేశానిది అని రాసుండాది. ఇండియా!"

గోవిందరాజ్ గారు ఆ మాటను కూతురి చేత రెండుసార్లు చదివించుకున్నాడు. పుదూరులో పండింది, ఆయన హాల్లో పడుకుంది, విరుదునగర్‌లో మండీకి చేరింది. అప్పుడంతా బర్మాదే. రేవు దాటాక ఇండియాది అయింది. ఇక చెప్పండి, అంతర్జాతీయ వాణిజ్యం లేకపోతే మన గింజ మనదని మనకు చెప్పేదెవరు?

"మళ్ళీ ఇత్తు ఏస్తావా, నాయినా?" అని అడిగింది శివరంజని, హెడ్‌సెట్ తీసి.

ఆయన తెర మీది చుక్క మీద వేలు పెట్టాడు.

"అమ్మాడీ, ఆ ఓడలో మనిసికి చోటుండాదా?"

"ఏంటికి నాయినా?"

"సుమ్మానే, ఊరికే. ఒక తూరి రేవు దాటి తిరిగొస్తా. అప్పుడన్నా నన్ను ఈ దేశపు రైతని రాసుకొంటారేమో. ఇత్తు సంగతి వచ్చినంక సూద్దాం."