సేద్యంలో దెయ్యం, యుద్ధంలో వంట

ఒక ఆటలో ఒకే ఆట ఉండాలని వాదించేవాళ్లు బతుకులో ఎన్నడూ సుఖపడరు!

ఇప్పటి వీడియో గేముల్లో పొలం దున్నుతుంటే దెయ్యం వస్తుంది. దెయ్యాన్ని తరుముతుంటే కారు రేసు మొదలవుతుంది. "ఇదేం కలగాపులగం!" అని మూతి తిప్పుకునే పెద్దమనుషులారా, మీ ఇంట్లో మాత్రం జరిగేదేమిటి? కుక్కర్ కూత, పక్కింటి గొడవ, టీవీలో యుద్ధం, కళ్లజోడు కోసం గాలింపు... అన్నీ ఒకే ఉదయం కాదూ? దాన్ని మాత్రం సంసారం అంటారు!

నాకీ విద్య ఎలా అబ్బిందంటారా? నా మనవరాలు గేమ్ డిజైనర్. ఎన్నడూ గేము ముట్టని మనిషి ఎవరి సాయమూ లేకుండా మొదటి లెవెల్ దాటితే తప్ప వాళ్ల ఆఫీసులో ఏ ఆటా విడుదల కాదు. ఆ మనిషిని నేనే! వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టి, మనవరాలు వెనక కూర్చుంటుంది. దారి చెప్పడానికి నోరు విప్పకూడదు. పొలం గేటు తెరిచానా, లెవెల్ అయిపోయినట్టే. ఆట విడుదల. పిల్లకి ప్రమోషన్, హెడ్డాఫీసున్న ఊరికి బదిలీ. శుభమే కదా!

మొదట్లో అది వట్టి పొలం ఆట. గేటు దగ్గర ఆగిపోయాను.

"ఏమైంది నానమ్మా?"

"చప్పగా ఉందే. ఓ దెయ్యాన్ని పెట్టకూడదూ?"

పెట్టేసరికి వానాకాలం గడిచింది. దెయ్యాన్ని చూసి చేతులు ముడుచుకున్నాను.

"భయమేస్తోందే తల్లీ. కాస్త వంట ఉంటే ధైర్యంగా ఉంటుంది."

వంట వచ్చింది. దాని వెనకే గూఢచారి, యుద్ధం, చదరంగం, ఆస్పత్రి. మేనేజరు ఫోన్ చేసి, "అమ్మా, బుర్రంటే మీదండీ! ఇలాంటి మిక్సింగ్ మాకు తట్టనే లేదు" అన్నాడు. నేను వినయంగా తలూపాను. ఫోన్లో అది కనబడదని తర్వాత గుర్తొచ్చింది.

కళలో తొందర పనికిరాదని అందుకే అంటాను!

నిన్న మనవరాలు నిబంధన పక్కన పెట్టి నోరు విప్పింది.

"పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా నమిలేస్తావు. 'గేటు తెరవండి' అన్న రెండు ముక్కలు కనబడవా?"

"అద్దాలు మసకేశాయే."

"దొంగ ముసలీ! ఇంకెన్నాళ్లు ఆపుతావే నన్ను?"

నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం నవ్వలేదు. ఈ వయసుకి, నేను సాగనంపినవాళ్ల మొహాలకన్నా వీపులే నాకు బాగా గుర్తు. ఈ పిల్లదైనా మొహమే గుర్తుండాలని, దాని వైపే చూస్తూ మీట నొక్కాను.

గేటు తెరుచుకుంది. తెర నిండా రంగులు, బాజాలు. "మీరు గెలిచారు!" అట.

ఆట అద్భుతం, ఆడి చూడండి. డిజైనర్లని మాత్రం ఒక్కటి అడుగుతాను. దెయ్యాన్నీ వంటనీ యుద్ధాన్నీ చారెడు తెరలో ఇరికించారు కదా నాయనా, ఒక ఉద్యోగాన్నీ ఒక నానమ్మనీ ఒకే ఊళ్లో పెట్టడం మీకెవరికీ చేతకాలేదేం?