సాఫీ, మాఫీ

ఆ శుక్రవారానికి శేషాచలం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటిదాకా ముసుగు తన్ని పడుకోవాలి. లేచి రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీ తాగాలి. తర్వాతేం చెయ్యాలో మళ్ళీ పడుకుని ఆలోచించుకోవాలి. ఆ పథకం తెల్లవారుజామున అయిదింటికే అటకెక్కింది.

"ఏవండీ, లేవండి. చేపలు పట్టడానికి వెళ్ళాలి" అంది వేదవతి.

బాపట్లలో శేషాచలంగారి వంశం ఎలాంటిదంటే, వాళ్ళింట్లో ఉల్లిపాయ తిన్నా ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుంటారు. అలాంటి వంశంలో పుట్టినవాడు ఎడారి దేశానికొచ్చి సముద్రంలో గాలం వెయ్యాల్సి రావడం ఒట్టి గ్రహచారం కాదు. అందులో అతని భాషా పాండిత్యం పాత్ర కూడా ఉంది.

శేషాచలం గల్ఫ్‌లో మెసయీద్ అనే ఊళ్ళో ఒక ఎరువుల ఫ్యాక్టరీలో స్టోర్స్ ఆఫీసర్. వచ్చి ఎనిమిది నెలలైంది. ఈపాటికి తనకు అరబ్బీలో పది మాటలొచ్చని చెప్పుకునేవాడు. ఆ పదిలో ఎనిమిది తప్పు. ఉదాహరణకి 'మాఫీ' అంటే అతని లెక్కలో క్షమాపణ. మన ఊళ్ళో బకాయి మాఫీ, శిస్తు మాఫీ అనమూ? అందుకే ఎవరైనా "బోల్టులు మాఫీ" అంటే బోల్టులు లేవని చెబుతున్నారనుకోకుండా, పాపం బోల్టుల విషయంలో క్షమాపణ అడుగుతున్నారనుకుని "నో ప్రాబ్లం, నో ప్రాబ్లం" అనేవాడు. గల్ఫ్‌లో ఇంత మర్యాదస్తులుంటారని అనుకోలేదని బాపట్లకు ఉత్తరం కూడా రాశాడు.

మూడు వారాల క్రితం అతనికి కంపెనీ క్లబ్బు నుంచి మునీర్ ఫోన్ చేశాడు. మునీర్ ఈజిప్టువాడు, క్లబ్బులో గుమాస్తా. ఇటు స్టోర్సులో ఫోర్క్‌లిఫ్ట్ రొద.

"మిస్టర్ శేష్! సాఫీ?"

అంతా సాఫీగా ఉందా అని అడుగుతున్నాడనుకున్నాడు శేషాచలం. ఎంత మంచివాడు!

"ఎస్, ఎస్! సాఫీ! వెరీ సాఫీ!"

"ఫ్యామిలీ?"

"ఫ్యామిలీ కూడా సాఫీ! వచ్చి మూడు నెలలే, అయినా సాఫీ!"

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. 'కుటుంబ చేపల వేట పోటీ. ఏడో జట్టు: కెప్టెన్ శేషాచలం.' సాఫీ అన్నది ఒక చేప పేరని, అరచెయ్యంత ఉంటుందని, ఇక్కడివాళ్ళు దానికోసం ప్రాణం పెడతారని అప్పుడు తెలిసింది. పోటీకి కప్పు ఇచ్చేది జెట్టీ దగ్గర పడవలు చూసుకునే ముసలాయన అబూ నాసర్. తూకం వేసేదీ ఆయనే. ఏటా ఏ చేపైనా బరువే లెక్క. ఈసారి మాత్రం సాఫీ ఒక్కటే లెక్కకొస్తుందని ఆయన హుకుం జారీ చేశాడు.

పేరు కొట్టేయించుకుందామని పరుగెత్తినవాడే. కానీ అప్పటికే అయిదో తరగతి చదివే కూతురు అపూర్వ బడిలో లేచి నిలబడి చెప్పేసింది. ఆమె పక్క బెంచీలో షీబా కూర్చుంటుంది. షీబా వాళ్ళ నాన్న వర్గీస్ మెషీన్ షాపు ఫోర్‌మన్, కొట్టాయం మనిషి, నాలుగేళ్ళుగా కప్పు ఆయనదే. ఏటా షీబా ఆ కప్పును బడికి తెచ్చి అందరికీ చూపిస్తుంది.

"మా నాన్న కూడా కెప్టెనే అన్నాను నాన్నా" అంది అపూర్వ. "షీబా నవ్వింది. వెజిటేరియన్లకి చేపకి తల ఎటుంటుందో తెలీదంది. కప్పు రాకపోయినా పర్లేదు. ఒక్క చేప. ఒక్కటంటే ఒక్కటి పట్టు. ఖాళీ డబ్బాతో మాత్రం రాకు."

ఆ పిల్ల కళ్ళలోకి చూశాక శేషాచలానికి మునీర్ గది వైపు కాళ్ళు కదల్లేదు.

"పాపం కాదంటావా?" అని భార్యను అడిగాడు.

"కార్తీకం మొన్ననే వెళ్ళిపోయింది. ఇప్పుడు చేసింది కడుక్కోడానికి ఏడాది టైముంది. పిల్ల మాట పోతే ఎప్పుడు కడుక్కుంటారు?" అంది వేదవతి.

జట్టుకు నలుగురు కావాలి. మొగుడూ పెళ్ళాం, పిల్ల. నాలుగోవాడిగా రాజన్న వచ్చాడు. రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె, ప్లాంటులో బరువులెత్తే రిగ్గరు.

"చేపలా? గది గూడ ఒక పనేనా సారూ! మా ఊరి చెర్వుల నేను గాలమేసిన్నంటే కొర్రమట్టలు లైన్ల నిలవడేటియి."

"సముద్రంలో ఎప్పుడైనా పట్టావా?"

"నీళ్ళు నీళ్ళే గద సారూ. జెర ఉప్పెక్కువుంటది, గంతే."

గురువారం సాయంత్రం రాజన్న ఎర కోసం అరకిలో రొయ్యలు కొని, నల్ల కవర్లో చుట్టి తెచ్చిచ్చాడు. బయట పెడితే పాడవుతాయి. ఫ్రిజ్‌లో పెడితే వేదవతి ఊరుకోదు. శేషాచలం తన తెలివినంతా వాడి, వాటిని కూరగాయల అర అడుగున, కరివేపాకు కింద దాచాడు. వేదవతి వంటింట్లో అన్నిటికంటే ఎక్కువ వాడేది కరివేపాకేనన్న సంగతి పదమూడేళ్ళ కాపురంలో అతను గమనించనే లేదు.

తెల్లవారి అయిదింబావుకి పోపు కోసం ఆమె అరలో చెయ్యి పెట్టింది. కవరు మెత్తగా తగిలింది. విప్పింది. ఆపైన ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి, పసుపు నీళ్ళు చల్లి, రెండోసారి తలంటుకుని, కవరు వీధి గుమ్మం అవతల బోర్లించింది. క్వార్టర్స్ పిల్లులకు అంతకు ముందెప్పుడూ అలాంటి శుక్రవారం రాలేదు. ఈ విషయం ఆమె మొగుడితో చెప్పలేదు. ఆయనే అడగాలని కాచుకుని కూచుంది.

ఆరున్నరకి జెట్టీ పక్కన రాళ్ళగట్టు మీద పోటీ మొదలైంది. పది జట్లు. పదింటికి తూకం, ఆపైన జుమ్మా నమాజు. వర్గీస్ జట్టు నలుగురూ ఒకే రంగు టోపీలు పెట్టుకుని, కుర్చీలేసుకుని, వరసగా గాలాలు వేశారు. ఏడో జట్టులో కెప్టెన్ శాలువా కప్పుకున్నాడు.

"వేదా, నల్ల కవరేది?" అన్నాడు శేషాచలం గొంతు తగ్గించి. బయల్దేరేటప్పుడు అరలో కనబడక, ఆమే సంచిలో సర్దిందనుకున్నాడు.

"ఆహా! కరివేపాకు కింద నల్ల కవరా? పిల్లులు తిన్నాయి."

"అయ్యో! అది ఎర!"

"మీకు సిగ్గుండాలి! దేవుడి ప్రసాదం పెట్టే ఫ్రిజ్‌లోనా ఎర?"

"ఇప్పుడు నేను గాలానికి ఏం గుచ్చను?"

"మీ బుర్ర గుచ్చండి. దానికి వేరే పనేముంది?"

అరగంట గడిచింది. ఉత్త గాలాలు నీళ్ళలో ఊగుతున్నాయి. వర్గీస్ ఆరు కిలోల హమూర్ చేపని లాగేసరికి గట్టంతా చప్పట్లు. షీబా మెల్లగా నడుచుకుంటూ వచ్చి, ఏడో జట్టు డబ్బాలోకి తొంగిచూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఏమైనా అన్నా బాగుండేది. అపూర్వ డబ్బా మూత పెట్టి, దానిమీద కూర్చుంది. ఆ పిల్ల వీపు చూసి శేషాచలం ఉత్త గాలాన్నే పైకి లాగి మళ్ళీ వేశాడు.

"టిఫినన్నా తినండి" అంటూ వేదవతి డబ్బా విప్పింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. డిసెంబరు చలికి రాత్రి ఇడ్లీ పిండి పులవలేదు. పారబొయ్యడం ఇష్టం లేక వేదవతి అలాగే వేసింది. శేషాచలం ఒకటి తీసుకుని కొరికాడు. లొంగలేదు. గట్టు మీద రాయికేసి కొట్టాడు. చెక్కుచెదరలేదు.

"ఇడ్లీయా, పేపర్ వెయిటా?"

రాజన్న మాత్రం ఆ ఇడ్లీని అందుకుని, అటూ ఇటూ తిప్పి, గోటితో గిల్లి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"సారూ! గిది ఇడ్లీ గాదు, బంగారం! ఊర్ల మేం గోధుమపిండి ముద్దజేసి ఎర వెడ్తుంటిమి. గది నీళ్ళల్ల కరిగిపోయేది. గిది పొద్దుందాంక కరగది. అమ్మా, గా డబ్బల పాలకూర పప్పేనా? ఇటియ్యుండ్రి."

"నా ఇడ్లీ చేపలకా?" అంది వేదవతి టిఫిన్ డబ్బా వెనక్కి లాక్కుంటూ.

"అమ్మా" అంది డబ్బా మీంచి అపూర్వ. అంతే అంది. వేదవతి పప్పు గిన్నె కూడా ఇచ్చేసింది.

రాజన్న ఇడ్లీ చిదిమి, పాలకూర కలిపి, పచ్చటి ఉండలు కట్టాడు. మొదటి ఉండ నీళ్ళలో పడి నిమిషం కాలేదు, అపూర్వ చేతిలో గాలం ఒక్కసారిగా వంగింది.

"నాన్నా! లాగుతోంది!"

"పట్టుకో తల్లీ! వదలకు! రాజన్నా! వేదా! ఎవరో ఒకరు రండి!"

చేప గట్టు మీద పడింది. పచ్చగా, పలచగా, అరచెయ్యంత. శేషాచలం ఆనందం పట్టలేక రెండు చేతులతో దాన్ని ఒడిసిపట్టుకున్నాడు. సాఫీ వీపున వరసగా ముళ్ళుంటాయని, వాటిలో విషముంటుందని చేపల జాతకాలు తెలిసినవాళ్ళెవరూ అతనికి చెప్పలేదు. "అమ్మోయ్" అంటూ లేచి, ఒంటికాలి మీద గట్టంతా గంతులేశాడు. మిగతా తొమ్మిది జట్లూ అది విజయోత్సాహమనుకుని చప్పట్లు కొట్టాయి.

అబూ నాసర్ ఒక్కడే అసలు విషయం గ్రహించాడు. ఆ ముళ్ళకు వేడే మందు. ముసలాయన గబగబా వచ్చి, వేదవతి తెచ్చిన ఫిల్టర్ కాఫీ ఫ్లాస్కు మూత తీసి, వేడి చూసుకుని, శేషాచలం చేతి మీద కాఫీ ధారగా పోశాడు. నొప్పి తగ్గింది. ఫ్లాస్కు కూడా ఖాళీ అయింది. ఆ రోజు పథకంలో మిగిలి ఉన్న ఒకే ఒక్క అంశం అలా రాళ్ళ మధ్యకు ఇంకిపోయింది.

కానీ ఇక ఎవరు ఆగుతారు! రాజన్న గాలం వెయ్యడం, అపూర్వ లాగడం, రాజన్న గుడ్డతో పట్టి కొక్కెం తియ్యడం. వేదవతి కొంగు బిగించి ఉండలు కట్టడం. కెప్టెన్ చేతికి రుమాలు చుట్టుకుని "యల్లా! యల్లా!" అని తొందరపెడుతూ అరవడం. అరబ్బీలో అతనికి సరిగ్గా వచ్చిన రెండు మాటల్లో అదొకటి. అవతల వర్గీస్ రొయ్య వెనక రొయ్య గుచ్చుతున్నాడు. ఫిలిప్పీన్స్ వాళ్ళ జట్టు బ్రెడ్డు గుచ్చుతోంది. అది చేప నోట పడకముందే నీళ్ళలో కరిగిపోతోంది. వేదవతి ఇడ్లీ మాత్రం ఒకే ఉండతో మూడు చేపల్ని చూసింది.

"చూశారా?" అంది ఆమె మొగుడితో, పిండి చేతులతోనే. "మీకంటే చేపలే నయం. ఒక్కటీ వంక పెట్టలేదు."

పదింటికి తూకం. వర్గీస్ హమూర్‌ని పళ్ళెంలో పెడితే పళ్ళెం చాల్లేదు. అబూ నాసర్ దాన్ని బాగుందని మెచ్చుకుని పక్కకు జరిపాడు.

"జైన్. సాఫీ?"

వర్గీస్ తల దించుకున్నాడు. "మాఫీ."

క్షమాపణ అడుగుతున్నాడనుకుని శేషాచలం గుండె కరిగిపోయింది. వెళ్ళి భుజం తట్టి "నో ప్రాబ్లం, నో ప్రాబ్లం" అన్నాడు. వర్గీస్ చూసిన చూపుకి అర్థం అతనికి అప్పుడు తెలీలేదు.

ఫిలిప్పీన్స్ వాళ్ళది కిలో పావు. ఏడో జట్టు వంతు వచ్చింది. డబ్బా మూతపడనంత నిండింది. అబూ నాసర్ త్రాసు ముల్లు నాలుగు కిలోలు దాటి ఆగింది. గట్టు మీద కేకలు, ఈలలు. అపూర్వ కప్పును రెండు చేతులతో గుండెకు అదుముకుని నిలబడింది, ఏడుస్తూ, నవ్వుతూ. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది షీబా. శేషాచలం కళ్ళు తుడుచుకున్నాడు. చెయ్యి నొప్పివల్లనని చెప్పాడు.

అక్కడితో ఆగితే అది శేషాచలం కథ కాదు. గెలిచినవాళ్ళ చేపను అక్కడికక్కడే కాల్చి, మొదటి ముద్ద కెప్టెన్‌కి తన చేత్తో పెట్టడం అబూ నాసర్ ఆనవాయితీ. నిప్పుల మీంచి తీసిన చేపను అన్నం పళ్ళెంలో పెట్టి, ముసలాయన ప్రేమగా ముందుకు జరిపాడు. శేషాచలం వెనక్కి జరిగాడు. రెండు చేతులూ జోడించాడు.

"మాఫీ! మాఫీ!"

లేదంటున్నాడనుకున్నాడు ముసలాయన. పళ్ళెంలో ఉన్నది కనిపించనంత ఆకలన్నమాట. అబూ నాసర్ ఇంకో రెండు చేపలు వేశాడు.

"అయ్యో, మాఫీ బాబా, మాఫీ!"

ఇంకో మూడు. పళ్ళెం గోపురమైంది. కెప్టెన్ చెమటలు కారుస్తూ ఎన్నిసార్లు దణ్ణం పెడితే అన్ని చేపలు పడుతున్నాయి. చివరికి వేదవతి మోచేత్తో పొడిస్తే, రాజన్న ముందుకొచ్చి క్యాంపులో నేర్చిన అరబ్బీ, హిందీ కలగలిపి విషయం చెప్పాడు. ఈ సారు చేప తినడు. మాంసం తినడు. వాళ్ళ తాతలు కూడా తినలేదు. ఆకులు, పప్పులే. మాఫీ అంటే లేదని అర్థమని సారుకీ చెవిలో చెప్పాడు.

జనమంతా గుడ్లప్పగించి చూశారు. చేప తిననివాడు కప్పు కొట్టడమేమిటి? కప్పు వెనక్కి ఇమ్మంటారేమోనని అపూర్వ దాన్ని వీపు వెనక్కి దాచుకుంది. అబూ నాసర్ పాలకూర ఉండ ఒకటి తీసుకుని వాసన చూశాడు. శేషాచలాన్ని చూశాడు. చేపల్ని చూశాడు. ఆపైన పొట్ట పట్టుకుని, కన్నీళ్ళొచ్చేదాకా నవ్వి, రాజన్నతో ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు శేషాచలం భయంగా.

"సాఫీ గూడ మాంసం ముట్టదంట సారూ. సముద్రంల నాచు తిని బతుకుతదంట. గందుకే వర్గీస్ సారు రొయ్యల దిక్కు సూడలే. 'ఇవి గడ్డి తింటయి, నువ్వు గడ్డి తింటవు. సుట్టమొచ్చిండని సూడొచ్చినయి' అంటుండు."

అబూ నాసర్ శేషాచలం పళ్ళెం తీసి వర్గీస్ ముందు పెట్టి, బదులుగా ఒక గంపెడు ఖర్జూరాలు ఏడో జట్టుకు పంపించాడు. శనివారం కప్పు బడికి వెళ్ళింది. దాన్ని తరగతులన్నిటికీ తిప్పి చూపించడంలో అపూర్వకు కప్పు రెండో పిడి పట్టుకుని సాయం చేసింది షీబాయే.

ఆ మరుసటి వారం స్టోర్సులో ఫోన్ మోగింది. మునీర్.

"ముబారక్, మిస్టర్ శేష్! నెక్స్ట్ కాంపిటీషన్... షేరీ?"

సారీ చెబుతున్నాడేమోనని శేషాచలం "నో ప్రాబ్లం" అనబోయి, నాలుక కరుచుకున్నాడు.

"ఆగు. షేరీ అంటే చేపా?"

"చేపే."

"ఏం తింటుంది?"

"పీతలు, రొయ్యలు."

"అయితే మాఫీ" అని ఫోన్ పెట్టేశాడు శేషాచలం.

ఎనిమిది నెలల్లో ఆ మాటను అతను సరైన అర్థంలో వాడడం అదే మొదటిసారి.