కుట్టకూడని ఏడు చిరుగులు

ఆ ఆదివారం పొద్దున మాస్టరు పెట్టుకున్న పని ఒక్కటే, ఇస్త్రీ. అదీ ఒకే ఒక్క కోటుకి. ఇంటి ముందుగదిలోనే ఆయన టైలరింగ్ షాపు. సెలవు రోజు కాబట్టి మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా కాఫీ తాగేసి, ఆ కోటు మడతపెట్టి సంచిలో ఉంచేసి, మళ్ళీ వెళ్ళి పడుకోవాలని ఆయన ఉద్దేశం.

"పిల్ల నాలుగు నెలలు కష్టపడి కుట్టుకుంది. ఇస్త్రీ చేసి పెట్టండి, సంతోషిస్తుంది," అంది భార్య. గుమ్మం దాకా వెళ్ళి, మొగుణ్ణి ముప్ఫై ఏళ్ళుగా ఎరిగిన మనిషి గనుక వెనక్కి తిరిగి, "ఇస్త్రీ మాత్రమే," అని కూడా అంది.

పిల్లంటే మరీ పిల్లేం కాదు, ఇరవై మూడేళ్ళది. నీళ్ళు పరీక్షించే లాబ్‌లో ఉద్యోగం. మూడేళ్ళప్పుడు తండ్రి షాపులో కోటు బొత్తాం మింగి ఇంటిల్లిపాదినీ హడలగొట్టినందుకు ఆమెకి బొత్తాం అన్న పేరు స్థిరపడిపోయింది. బొత్తానికి జపాన్ బొమ్మల కథలంటే ప్రాణం. మాస్టరు వాటిని కార్టూన్లంటాడు. "కార్టూన్లు కాదు నాన్నా, యానిమే," అని ఆమె ఓపిగ్గా దిద్దేది. నాలుగు నెలల క్రితం ఒక బొమ్మ తెచ్చి ముందు పెట్టి, "ఈ కోటు ఎలా కత్తిరించాలి నాన్నా?" అని అడిగింది. ఆ రోజు ఆయనకి పని నెత్తి మీద ఉంది. తలెత్తకుండానే, "ఉద్యోగం చేసుకునేదానివి, ఈ వేషాలేంటే?" అన్నాడు. ఆయన ఆ మాట అయిదు నిమిషాల్లో మర్చిపోయాడు. బొత్తాం మర్చిపోలేదు. అప్పటి నుంచి వెనకగదిలో పాత మిషను ముందు కూర్చుని, తలుపేసుకుని, తనే కుట్టుకుంది. ఆయన ఎప్పుడైనా కార్టూన్లన్నా దిద్దడం మానేసింది. దిద్దడం మానేశాకే ఆయనకి ఇల్లు బోసిపోయినట్టు అనిపించింది.

అందుకే ఆ ఇస్త్రీ. ఇవాళ ఊళ్ళో పెద్ద హాల్లో ఆ యానిమే అభిమానులంతా చేరుతున్నారట, నచ్చిన పాత్రలా తయారై వెళ్ళాలట, మంచి తయారీకి పోటీ కూడా ఉందట. ఇదంతా భార్య చెబితే తెలిసిందే.

మాస్టరు కోటు బల్ల మీద పరిచాడు. మోకాళ్ళ కింది దాకా వచ్చే నల్లకోటు. కాలరు ఎక్కడా ముడత లేకుండా కూర్చుంది. భుజాల దగ్గర కుట్టు తాడు పట్టి గీసినట్టుంది. ఇదంతా ఎవరు నేర్పారు దీనికి అనుకున్నాడు. తను నేర్పలేదన్న సంగతి గుర్తొచ్చి కాస్త సిగ్గుపడ్డాడు. వెనక్కి తిప్పి చూస్తే భుజం కింద నాలుగంగుళాల చిరుగు. జేబు పక్కన ఇంకొకటి. మోచేతి దగ్గర, నడుము దగ్గర, మొత్తం ఏడు. కింది అంచు ఒక పక్కకి రెండంగుళాలు జారి ఉంది. చేతి మీద మట్టి మరక.

మాస్టరుకి మనసు చివుక్కుమంది. తొందరలో కత్తెర జారి ఉంటుంది, నన్నడగడానికి మొహం చెల్లక అలాగే వేసుకుపోదామనుకుంది కాబోలు అనుకున్నాడు. ముప్ఫై రెండేళ్ళలో ఆయన షాపు గడప దాటి తేలిన దారంతో ఒక్క బట్ట బయటికి పోలేదు. కన్నకూతురి కోటు ఏడు చిరుగులతో పోతుందా? ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసి, కళ్ళజోడు తుడుచుకుని, సూదిలో నల్లదారం ఎక్కించాడు.

గంటన్నరలో ఏడు చిరుగులూ పోగు పోగునా అల్లుకుపోయాయి. బయట నుంచి చూస్తే అక్కడ చిరుగుండేదని ఆ గుడ్డకే గుర్తుండదు. లోపలి వైపు మాత్రం, అలవాటు ప్రకారం, ఒక్కో కుట్టు చివరా గోధుమగింజంత ముడి వేశాడు. అది ఆయన సంతకం. అంచు సరిచేశాడు, మరక బ్రష్షుతో రుద్ది వదిలించాడు. ఆ తర్వాత ఇస్త్రీ చేశాడు.

ఎనిమిదింటికి బొత్తాం హడావిడిగా వచ్చి సంచి అందుకుంది. పైనుంచి వెచ్చగా తగిలితే ఆగింది.

"ఇస్త్రీ చేశావా నాన్నా?"

"ఏదో, కొద్దిగా."

బొత్తాం నవ్వింది. నాలుగు నెలల తర్వాత తండ్రి మొహం చూసి నవ్విన నవ్వు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా మాస్టరు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇక నిద్రేం పడుతుంది? ఆ ఉత్సాహంలో వెనకగది ఊడవడానికి చీపురందుకున్నాడు.

పాత మిషను కింద ఒక నోటుపుస్తకం దొరికింది. తెరిస్తే కోటు బొమ్మ. ఏడుచోట్ల బాణాలు, బాణం పక్కన అంగుళాల లెక్క. కింద బొత్తాం గుండ్రటి అక్షరాలు: "వంతెన కాపరి కోటు. వంతెన దాటి వెళ్ళి తిరిగి రాని ఏడుగురు స్నేహితులకి ఏడు చిరుగులు. ఇవి ఎప్పటికీ కుట్టడు. కుడితే వాళ్ళని మర్చిపోయినట్టే. అంచు కుడివైపు రెండంగుళాలు కిందికి. మట్టి రంగు మూడుసార్లు వేయాలి."

మాస్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. పుస్తకం పట్టుకుని భార్య దగ్గరికి వెళ్ళాడు. ఆమె మొత్తం చదివి, పుస్తకం మూసి, ఆయన చేతిలో పెట్టింది.

"ఇస్త్రీ మాత్రమే అన్నాను," అంది.

బొత్తానికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మరో నాలుగుసార్లు చేసినా ఎత్తలేదు. మాస్టరు పెద్ద కత్తెరా ఆ నోటుపుస్తకమూ జేబుల్లో దోపుకుని, ఉన్నవాడు ఉన్నట్టుగా బస్సెక్కేశాడు. మెడలో టేపు, నుదుటి మీద కళ్ళజోడు, చెవి వెనక సుద్దముక్క, చొక్కా నిండా గుండుసూదులు, వాటి పక్కనే గుచ్చిన దారం సూది. దార్లో ఆయన మనసులో ఉన్నది ఒక్కటే. పోటీ మొదలయ్యేలోపు ఆ ఏడు చిరుగులూ మళ్ళీ చింపేయాలి. లేకపోతే ఆ నవ్వు ఇంకో నాలుగేళ్ళ దాకా కనిపించదు.

హాలు గేటు దగ్గర కాపలా మనిషి ఆరడుగుల గండ్రగొడ్డలిని వేలితో నొక్కి చూసి, స్పాంజిదే అని లోపలికి పంపాడు. తర్వాత రెండు ఈటెలనీ ఒక ఫిరంగినీ పంపాడు. మాస్టరు కత్తెర చూసి మాత్రం ఉలిక్కిపడ్డాడు.

"ఇది నిజంది."

"నిజంది కాకపోతే గుడ్డ తెగదు కదయ్యా."

కత్తెర పుచ్చుకుని చీటీ ఇచ్చారు. పక్కనే బల్ల దగ్గర నీలం విగ్గు పెట్టుకున్న అమ్మాయి ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా గుడ్లప్పగించి చూసింది.

"అంకుల్, ఏ పాత్ర మీది?"

"టైలర్ని."

"అబ్బ, సుద్ద కూడా పెట్టుకున్నారే. సంతకం చేయండి," అని ఒక కాగితం ముందుకి తోసింది.

లోపలికి పోవాలంటే సంతకం పెట్టాలి కాబోలనుకుని ఆయన చదవకుండా పెట్టేశాడు. ఆ అమ్మాయి ఆయన చొక్కాకి నలభై ఒకటి అని అంకె ఉన్న పసుపు అట్ట తగిలించింది.

లోపల ఆయనకి కళ్ళు తిరిగాయి. రెక్కలవాళ్ళు, తోకలవాళ్ళు, తల మీద చెవులవాళ్ళు. "వంతెన కాపరిని చూశారా?" అని ఎదురొచ్చిన ఒక తోకవాణ్ణి అడిగాడు. అతను గుంపులోకి చేయి చూపించాడు. అక్కడ పదకొండు మంది వంతెన కాపరులున్నారు. పదకొండు నల్లకోట్లు, ఒక్కోదానికి ఏడేసి చిరుగులు. మాస్టరు ఒక్కొక్కరి వీపూ వంగి పరీక్షించాడు. తన కూతురు పన్నెండోది. ప్రపంచంలో చిరుగులు లేని వంతెన కాపరి అదొక్కతే అని అర్థమయ్యేసరికి ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

వెతుకుదామంటే జనం కదలనివ్వలేదు. ఫొటో అని ఒకరు, ఇంకొక్క ఫొటో అని ఇంకొకరు. ఈలోగా ఒకమ్మాయి రెక్క ఊడిపోయి ఏడుపు మొహంతో ఎదురైంది. సూది చేతిలో ఉండగా ఊడిన రెక్కని చూసి దాటిపోవడం మాస్టరు వల్ల అయ్యే పని కాదు. నిలబెట్టే కుట్టేశాడు. తలెత్తేసరికి ఆమె వెనక వరస కట్టి ఉన్నారు. తెగిన పట్టీలు, జారిన తోకలు, విచ్చుకున్న చంకలు. ఆయన పొద్దున్నే బుద్ధి తెచ్చుకున్న మనిషి. అందుకని ప్రతి ఒక్కరినీ ముందు, "ఇది ఊడిందా, ఊడాల్సిందా?" అని అడిగి మరీ సూది దించాడు.

మైకులో నలభై ఒకటో నంబరు సిద్ధంగా ఉండాలని పిలిచారు. ఆయన పట్టించుకోలేదు. నీలం విగ్గమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి, తోక మధ్యలో ఉండగానే ఆయన్ని రెక్క పట్టుకుని వేదిక పక్కకి లాక్కెళ్ళింది.

అక్కడ తెర సందులోంచి కనిపించింది బొత్తాం. నలభయ్యో నంబరు. వేదిక మధ్యలో మిలమిలలాడే ఇస్త్రీ కోటుతో నిలబడి ఉంది. ఎదురుగా కూర్చున్న న్యాయనిర్ణేత, కుట్లు అల్లికల్లో తలపండిన పెద్దావిడ, కళ్ళజోడు సర్దుకుంది.

"కుట్టు బాగుందమ్మా. కానీ చిరుగులేవి? చిరుగులు లేకపోతే ఇతను వంతెన కాపరి ఎలా అవుతాడు?"

మాస్టరుకి తల కొట్టేసినట్టయింది.

బొత్తాం మైకు దగ్గరికి వచ్చింది. "కోటు వేసుకునేటప్పుడే చూశానండీ. మా నాన్న కుట్టేశారు. ఆయన టైలరు. చిరుగు కనబడితే ఊరుకోలేరు." కోటు విప్పి తిరగేసి, లోపలి వైపు హాలంతటికీ చూపించింది. "ఇవిగో ఏడు ముడులు. బయటికి కనపడవు గానీ, ఏడూ లోపల ఉన్నాయి. మళ్ళీ చింపుదామని కత్తెర కూడా అడిగి తెచ్చుకున్నాను. చేతులు రాలేదు. కథలో కాపరికి కోటు కుట్టిపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. నాకున్నారు."

సరిగ్గా అప్పుడే నీలం విగ్గమ్మాయి, వంతు వచ్చింది కదా అని, మాస్టర్ని వేదిక మీదికి తోసింది.

మెడలో టేపుతో, చెవి వెనక సుద్దతో, సూది ఇంకా వేళ్ళ మధ్యనే ఉన్న టైలర్ని చూసి జనం లేచి నిలబడ్డారు. మాస్టరుకి ఆ చప్పట్లు ఎందుకో అర్థం కాలేదు. ఎవరో మైకు చేతిలో పెట్టారు.

"తప్పు నాదేనండీ," అన్నాడు. "దాని మార్కులు తీసేయకండి. నా కత్తెర గేటు దగ్గర లాక్కున్నారు. ఇప్పిస్తే ఇప్పుడే చింపేస్తాను, కొలతలు కూడా తెచ్చాను." నోటుపుస్తకం పైకెత్తి చూపించి, కూతురి వైపు తిరిగాడు. "నాలుగు నెలల కింద నువ్వు బొమ్మ చూపించినప్పుడు నేను చూడాల్సింది. నిన్ను నొప్పించాను బొత్తాం. కాలరు ఎంత బాగా కూర్చోబెట్టావో పొద్దున చూశాను. నాకు అంత బాగా రావడానికి పదేళ్ళు పట్టింది."

"వద్దు నాన్నా, చింపొద్దు," అంది బొత్తాం. ఏడుస్తూనే నవ్వింది. "నీ కార్టూన్ కోటు నాకు ఇలాగే ఇష్టం."

"కార్టూన్ కాదు," అన్నాడు మాస్టరు. "యానిమే."

నియమాలు నియమాలే. చిరుగులు లేని వంతెన కాపరికి బహుమతి రాలేదు. కానీ సాయంత్రం చివరగా ఒక పేరు చదివారు. ఏ కృత్రిమమూ లేకుండా పాత్రలో లీనమైపోయినందుకు ఉత్తమ వేషధారి, నలభై ఒకటో నంబరు. కూతుర్ని వేషాలేంటని గదమాయించిన మనిషి, వేషమే వేయకుండా వేషానికి బహుమతి పుచ్చుకుని, కత్తెర విడిపించుకుని ఇంటికి బయల్దేరాడు. బస్సులో బొత్తాం తండ్రి భుజానికి తల ఆనించి ఆ ఏడుగురూ ఎవరెవరో, వంతెన ఎందుకు దాటారో చెప్పుకొచ్చింది. నాలుగో స్నేహితుడి దగ్గర మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దిగాల్సిన చోటు దాటిపోయింది, ఇద్దరూ చూసుకోలేదు.

భార్య ఆ బహుమతి పత్రాన్ని షాపు గోడకి మేకు కొట్టి తగిలించింది.

మర్నాడు బడి పంతులొకాయన తన పాంటు తెచ్చి బల్ల మీద వేశాడు. కుర్చీ మేకు తగిలి వెనకవైపు జానెడు చిరిగింది. మాస్టరు ఆ చిరుగుని వేలితో మెల్లిగా తడిమి చూసి, సూది ముట్టుకోకుండా, ఎంతో గౌరవంగా, "ఇది ఎవరి జ్ఞాపకమండీ?" అని అడిగాడు.