కాశ్యప గోత్రపు ఫుట్‌బాల్ జట్టు

వరసగా ఓడిపోయే ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఉండడం ప్రజలకు ఎంతో క్షేమం. నవ్వకండి. దేవుడి గదిలో దీపం పెట్టి వచ్చి, నిదానంగా ఆలోచించుకునే ఈ మాట రాస్తున్నాను. గెలిచే జట్టు వల్ల ఎవరికి లాభం? దాని వాళ్ళకే. ఓడే జట్టు వల్ల? సూర్యాపేటకు, కోదాడకు, మిర్యాలగూడకు!

అనుమానం ఉన్నవారు చివ్వెంల పక్క పల్లెలో గౌరయ్యను అడగవచ్చు.

గౌరయ్య నాలుగెకరాల రైతు. తెల్లవారకముందే స్నానం చేసి, నరసింహస్వామి పటానికి దండం పెట్టి, పంచాంగం చూసుకుని గాని గడప దాటని మనిషి. ఆయన ఊరికీ సూర్యాపేటకూ మధ్య ఒక వాగు ఉంది. ఎండాకాలంలో దాన్ని మేకలు కూడా లెక్కచేయవు. వానాకాలంలో ఏనుగైనా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తుంది. దాని మీద చిన్న వంతెన వేయడానికి ఆరు సిమెంటు తూములు యుద్ధానికి ముందే సూర్యాపేటకు వచ్చి, రోడ్డు పక్కన పడి ఉన్నాయి. రెండింటిలో మేకలు, ఒకదానిలో ఒక సాధువు కాపురం ఉంటున్నారు. లోటల్లా ఒక్కటే. రోడ్ల పనులు చూసే హాలెట్ దొర దస్తఖత్ కావాలి.

నలభై ఆరో సంవత్సరం వానలకు గౌరయ్య పొరుగింటి బాలనర్సమ్మ నొప్పులు పడుతూ, వాగు ఒడ్డున బండిలోనే ఒక పగలంతా ఉండిపోయింది. మంత్రసాని ఆవలి ఒడ్డున నిలబడి, ఏం చేయాలో కేకలు వేసి చెప్పింది. వాగు హోరులో సగం వినిపించలేదు. బిడ్డ దక్కలేదు.

ఆ ఏడాది దీపావళి తరువాత గౌరయ్య కూతురు అనసూయ నెల తప్పిందని కబురు వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లోనే చేయాలి. ఆషాఢంలో కాన్పు వస్తుందన్నారు. గౌరయ్య వేళ్ళ మీద లెక్కపెట్టి, వాగు వైపు చూసి, దరఖాస్తు రాయించుకుని దొర బంగళాకు బయలుదేరాడు.

మంచి తిథి చూసుకుని వెళ్ళాడు, కాదన్నాడు దొర. మంచి వారం చూసుకుని వెళ్ళాడు, కాదన్నాడు. రాహుకాలం తప్పించి, శకునం చూసి, కుడికాలు ముందు పెట్టి వెళ్ళాడు. ఈసారి దొర తల కూడా ఎత్తకుండానే కాదన్నాడు.

దొరకు వంట చేసే యేసయ్య ఇదంతా చూసి జాలిపడ్డాడు. మిషన్ బడిలో ఇంగ్లీషు చదువుకున్నవాడు.

"మామా, నీ పంచాంగం గీడ నడవదు," అంటూ వంటింటి గోడకు అంటించిన ఒక పేపరు ముక్క చూపించాడు. "గీడ నడిచేది ఇది."

అందులో గెలుపుల వరసలో ఇరవై రెండు పేర్లున్నాయి. అన్నిటికంటే పైదాన్ని వదిలేసి, యేసయ్య వేలు గోడ మీద కిందికి, ఇంకా కిందికి జారి, ఇరవై ఒకటో పేరు దగ్గర ఆగింది. థార్న్‌బీ టౌన్. దొర పుట్టిన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు.

"దొర పానమంతా గీ జట్టు మీదనే. గెలిస్తే ఏ కాయితమిచ్చినా దస్తఖత్ జేస్తడు. ఓడితే కాదంటడు. ఇద్దరూ సమానమైతే చూద్దామంటడు."

"ఎప్పుడు గెలుస్తది?"

"అదే గద మామా పరేషాన్."

ఇంగ్లండు పేపర్ల కట్ట ఓడలో బొంబాయి వచ్చి, రైల్లో బెజవాడ చేరి, అక్కడినుంచి కోదాడ మీదుగా గురువారం గురువారం బస్సులో వచ్చేది. నెల కిందటి ఆట ఫలితం అన్నమాట. అయినా ఎంత ఉపకారం! ఒక అధికారి మనసులో ఏముందో ముందే అచ్చు వేసి, కట్ట కట్టి, బస్సులో పంపించే ఏర్పాటు ఏ దేశంలో ఉంది?

కొద్దిరోజుల్లోనే పద్ధతి కుదిరింది. కోదాడలో బస్సు ఆగగానే కండక్టరు కట్ట విప్పి చూసేవాడు. గెలిస్తే కిటికీకి తెల్ల తువ్వాలు కట్టేవాడు. ఓడితే గొడుగు తగిలించేవాడు. సూర్యాపేటలో బస్సు కనబడగానే, గొడుగుందంటే బంగళా వసారాలో కూర్చున్న నలభై మందీ దులుపుకుని లేచి వెళ్ళిపోయేవారు. తువ్వాలుందంటే దారిన పోయేవారు కూడా చొరబడేవారు.

సున్నాకు ఆరు గోల్స్‌తో ఓడిన గురువారం నాడు, గొడుగు సంగతి తెలియని మిర్యాలగూడ మిల్లు యజమాని ఒకాయన రోడ్డు వెడల్పు చేయించమని అడిగాడు. దొర ఉన్న రోడ్డుకు అడ్డంగా గేటు పెట్టించాడు. కోదాడ పంతుళ్ళు బడి ముందు చెట్లు నాటించమంటే, ఉన్న చెట్లకు నంబర్లు వేయించాడు. ఒకసారి మాత్రం తువ్వాలు వచ్చింది. ఆ పొద్దు పాలు పోయడానికి వచ్చిన మణెమ్మకు, అడగకుండానే, బావి తవ్వుకోవడానికి అనుమతి రాసిచ్చాడు. పాలలో నీళ్ళు చాలడం లేదని దొర అనుకున్నాడేమోనని ఊరంతా చెప్పుకున్నారు.

ఆ రోజు గౌరయ్య ఎక్కడున్నాడు? ఇంట్లోనే. పంచాంగంలో దుర్ముహూర్తం ఉందని గడప దాటలేదు.

ఈ సంగతి గౌరయ్య భార్య ముత్తమ్మ విన్నది. పంచాంగం తీసి అటక మీద పెట్టింది.

రెండోసారి తువ్వాలు వచ్చినప్పుడు గౌరయ్య పరుగున వెళ్ళాడు. దొర మిర్యాలగూడ క్యాంపులో ఉన్నాడు. దొరికిన బండి ఎక్కి, దొరకని చోట నడిచి, మూడు రోజులకు మిర్యాలగూడ చేరాడు. అప్పటికి దొర కోదాడ వెళ్ళాడు. కోదాడ చేరేసరికి ఇంకో గురువారం వచ్చింది. బస్సు కిటికీకి గొడుగు వేలాడుతోంది.

ఆపైన ఇంగ్లండులో మంచు పడింది. ఆటలు ఆగిపోయాయి. గెలుపూ లేదు, ఓటమీ లేదు. దొర 'కాదు' అనడం కూడా మానేసి దరఖాస్తులన్నీ ఒక మూల పోయించాడు. మూడు తాలూకాల రోడ్ల పనులు అక్కడి మంచు కరగడం కోసం ఆగాయి. బయట మనకు ఎండలు మండుతున్నాయి. మేఘాల కోసం ఆకాశం చూడడం రైతులకు అలవాటే. ఇంగ్లండులో ఎండ రావాలని తెలంగాణ రైతు కోరుకోవడం ఆ ఒక్క ఏడే జరిగి ఉంటుంది.

ఏడో నెలలో అనసూయ పుట్టింటికి వచ్చింది. వాగు దాటుతూ, "నీళ్ళు లేవు గదా నాయినా, ఎందుకు భయం?" అంది. గౌరయ్య వేళ్ళ మీద మళ్ళీ నెలలు లెక్కపెట్టాడు.

ఆగిన ఆటలన్నీ పూర్తి చేయడానికి ఆ సంవత్సరం పోటీలను మే నెలాఖరు దాకా సాగదీశారు. ఆఖరి ఆట ఓడితే థార్న్‌బీ జట్టును కింది తరగతిలోకి దింపేస్తారని యేసయ్య చెప్పాడు. అది జరిగితే దొర ఇక జన్మలో ఏ కాగితం మీదా దస్తఖత్ చేయడని కూడా చెప్పాడు.

గౌరయ్యకు తెలిసిన ఉపాయం ఒక్కటే. యేసయ్య చేత పదకొండు మంది ఆటగాళ్ళ పేర్లూ తెలుగులో రాయించుకుని, అతన్నే తోడు తీసుకుని, మూసీ కృష్ణలో కలిసే వాడపల్లికి వెళ్ళాడు. నదిలో మునిగి, తడిబట్టలతో నరసింహస్వామి ముందు నిలబడ్డాడు. యేసయ్య గుడి బయట చెప్పులకు కాపలా ఉన్నాడు.

"అర్చన ఎవరి పేరున?" అడిగాడు పూజారి.

"పదకొండు మంది ఉన్నరు అయ్యగారూ."

"ఉమ్మడి కుటుంబమా?"

"ఒక తీరుగ అంతే. అందరు ఒక్క రంగు బట్టలే ఏస్తరు."

"గోత్రం చెప్పండి."

గౌరయ్య తడబడ్డాడు. బయటికి వచ్చి యేసయ్యను అడిగాడు. యేసయ్య పేపరు వెతికాడు. ఆటగాళ్ళ ఎత్తు ఉంది, బరువు ఉంది, గోత్రం మాత్రం వేయలేదు.

"తెలియదా? తెలియనివారికి కాశ్యప గోత్రం," అని పూజారి తేల్చేశాడు. కాశ్యప గోత్రోద్భవస్య అంటూ ఒక్కొక్కరి పేరే చదివాడు. గోల్‌కీపరు పేరు వచ్చినప్పుడు గౌరయ్య ఆపాడు.

"ఆయనకు రెండుసార్లు చెయ్యండి అయ్యగారూ."

తిరుగుదారిలో దామరచర్ల దగ్గర గౌరయ్యకు అనుమానం వచ్చింది. మెల్లగా అన్నాడు.

"యేసయ్యా, ఒకటి అడుగుత. పేపరు నెలకు గని రాదు. మనం మొక్కేసరికే ఆట అయిపోయి ఉంటే? అయిపోయినదాన్ని స్వామి మారుస్తడా?"

"దేవునికి నిన్న, రేపు అని ఉండదంటరు మా పాస్టరుగారు."

"మంచిదే. మరి అవతలి జట్టోళ్ళు గూడ మొక్కి ఉంటే?"

"గోత్రం తెల్వకపోతే వాళ్ళది గూడ కాశ్యపమే అయితది మామా."

"అయితే స్వామికి పరేషానే," అన్నాడు గౌరయ్య. ఆయన నిజంగానే స్వామి గురించి బాధపడ్డాడు.

జూన్ ఆఖరి గురువారం. తెల్లవారుజామున వాన పడి, వాగులో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. అనసూయ నడుము పట్టుకుని కూర్చుంది. గౌరయ్య బస్సు చూడడానికి బయలుదేరుతుంటే ముత్తమ్మ అడ్డం వచ్చింది.

"గొడుగుంటే ఏం జేస్తవ్?"

"వచ్చే గురువారం దాక..."

"నీ జట్టు గెలిచేదాక బిడ్డ ఆగుతదా? పొయ్యి అడుగు. కాదంటే కాదంటడు, కొడతడా?"

బస్సు వచ్చింది. ఒక గొడుగు కాదు, రెండు గొడుగులు. కండక్టరు కోదాడ మనిషి, మర్యాదస్తుడు. దిగి వచ్చి చెవిలో చెప్పాడు.

"గౌరయ్యగారూ, ఇవాళ లోపలికెళ్ళకండి. సున్నాకి అయిదు. కింది తరగతిలోకి దింపేశారంట. పేపర్ల కట్ట గేటు దగ్గర పడేసి మేం కూడా పోతున్నాం."

వసారా ఖాళీ అయింది. బంగళా కుక్క కూడా బయటికి వచ్చి కూర్చుంది. గౌరయ్య స్వామిని తలుచుకుని లోపలికి వెళ్ళాడు. ఏ కాలు ముందు పెట్టాడో చూసుకోలేదు.

దొర పేపరు ముందు పెట్టుకుని, తల రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. గౌరయ్య దరఖాస్తు తీయలేదు. పైపంచె కొంగున కట్టుకున్న కుంకుమ పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు.

"తప్పు నాది దొరా. గోత్రం తెల్వక కాశ్యపం అని చెప్పిన. గందుకే అందలేదేమో."

యేసయ్య వంటింట్లోంచి వచ్చి ఇంగ్లీషులో చెప్పాడు. దొరకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. గౌరయ్య పేర్ల చీటీ కూడా తీసి ఇచ్చాడు. యేసయ్య ఒక్కొక్క పేరే చదివి వినిపించాడు. పదకొండు పేర్లూ విని, దొర తనకు వచ్చిన తెలుగులో అడిగాడు.

"గోల్‌కీపర్‌కి కూడా పూజ చేసినవా?"

"ఆయనకు రెండుసార్లు చేయించిన దొరా."

దొర పేపరు వైపు చూశాడు. సున్నాకు అయిదు. "రెండు చాలలేదు," అన్నాడు. అని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వి, చేయి చాపాడు. గౌరయ్యకు అర్థం కాలేదు. యేసయ్యే ఆయన జేబులోంచి దరఖాస్తు లాగి దొర చేతిలో పెట్టాడు.

నాలుగు రోజుల్లో ఊరంతా కలిసి తూములు దొర్లించుకు వచ్చి వాగులో దించారు. సాధువు తన తూముతో పాటే వచ్చి, వాగు దగ్గర దిగి, వెళ్ళిపోయాడు. అయిదో రోజు అనసూయను బండిలో దాని మీదుగానే సూర్యాపేట దవాఖానకు తీసుకువెళ్ళారు. ఆడపిల్ల పుట్టింది. పిల్ల కాళ్ళు ఝాడించడం చూసి యేసయ్య అన్నాడు, "గీ పిల్ల ఆ జట్టుల ఉంటే అది కింది తరగతికి దిగకపోవు."

ఇప్పుడు ఒప్పుకుంటారా? ఆ జట్టు గెలిచి ఉంటే గౌరయ్య ఆ తువ్వాలు నాడు నలభై మందిలో ఒకడై తోసుకుంటూ ఉండేవాడు. ఓడింది గనుక ఒంటరిగా లోపలికి వెళ్ళగలిగాడు.

హాలెట్ దొర ఆ ఆగస్టులోనే వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. ఆ తరువాత రెండేళ్ళలో మనకు ఏమేమి జరిగాయో మీకు తెలుసు. రాజ్యం మారింది. కొత్త అధికారి వచ్చాడు. మనవాడే. తెలుగు ఎంత చక్కగా మాట్లాడతాడో! నుదుట బొట్టు లేకుండా ఆఫీసుకు రాడు.

పోయిన వానలకు వంతెన తూములు రెండు పగిలి, ఒకటి పూడిపోయింది. ఈసారి వాగు వంతెన మీదినుంచి పారుతుంది. బాలనర్సమ్మకు ఇప్పుడు మళ్ళీ ఏడో నెల.

గౌరయ్య దరఖాస్తు పట్టుకుని ఏడుసార్లు వెళ్ళాడు. అధికారి ప్రతిసారీ కుర్చీ వేయించాడు, క్షేమం అడిగాడు, చూద్దాం అన్నాడు. ఇప్పుడు ఆయనకూ వంట చేస్తున్నది యేసయ్యే.

"ఈయన సంగతేంది యేసయ్యా? ఏ గురువారం మంచిది?"

"నాకూ తెలుస్తలేదు మామా. పేపరు చదువుతడు, మడిచి పక్కన పెడతడు. మనసుకు ఏదీ పట్టదు. వాన పడ్డా చూద్దాం, పడకున్నా చూద్దాం."

మొన్న గౌరయ్య మళ్ళీ వాడపల్లి వెళ్ళాడు. నదిలో మునిగి వచ్చి అధికారి పేరున అర్చన చేయమన్నాడు. పూజారి గోత్రం అడిగితే తడుముకోకుండా చెప్పాడు. నక్షత్రం చెప్పాడు. మన మనిషి గదా, అన్నీ తెలుసు.

"కోరిక ఏమిటి?"

గౌరయ్య చాలాసేపు స్వామి వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక వరసలో జనం సణుగుతున్నారు.

"ఈ సారుకు గూడ ఓడిపోయే జట్టు ఒకటి ఇయ్యమని అడగండి అయ్యగారూ," అన్నాడు.